అమ్మ దోమతెర మీద పట్టుగూళ్ళు

వాన మొదలైందనుకుని ఆరేసిన బట్టలు తియ్యడానికి పరిగెత్తాను. వరండా రేకు మీద చిటపట చిటపటమని ఒకటే చప్పుడు. వాకిట్లోకి వచ్చి తలెత్తితే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. చెయ్యి చాపితే అరచేతిలో నల్లటి గింజలు పడ్డాయి, ఆవాలకంటే కాస్త పెద్దవి. ఇవేమిటా అని వేళ్ళతో నలిపి వాసన కూడా చూశాను, నా బుద్ధి మండ. అది పురుగుల పెంట. మా మామిడిచెట్టు నిండా గొంగళిపురుగులు. పైన అవి తింటున్నాయి, కింద నేను ఉతికి ఆరేసిన దుప్పట్ల మీద రాలుస్తున్నాయి.

తినడమంటే అలా ఇలా కాదు. పొద్దున చూసిన కొమ్మ సాయంత్రానికి ఈనెలు మిగిలిన చీపురుకట్ట. దగ్గరగా నిలబడితే నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంట్లో ఒక మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించలేక నా తల ప్రాణం తోకకొస్తుంటే, పెరట్లో ఈ తిండిపోతుల సంతర్పణ! ఎవరికి ఒళ్ళు మండదు?

ఆ మనిషి మా నాన్న. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు పనికి వచ్చాడు. నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. నేను రైల్వే ఆఫీసులో గుమస్తాని, మేముండే క్వార్టరు నా పేర ఇచ్చింది. మా ఆయన గూడ్సు గార్డు. ఇంట్లో రభస మొదలైతే చాలు, ఆయనకు లైను మీద డ్యూటీ పడుతుంది. ఎలా పడుతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

మా అమ్మ అంతకు ముందు ఏడు పోయింది. గొంతులో జబ్బు. చివరి నెలల్లో నోటితో గుటక దిగేది కాదు, మాట కూడా పోయింది. ముక్కులోంచి గొట్టం వేసి జావ పోసేవాళ్ళం. గాలి వస్తుందని, వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారని వరండాలోనే మంచం వేసి, దోమతెర కట్టి ఉంచాం. ఆమె పోయాక పెద్దకర్మ అయ్యేదాకా నాన్న బాగానే తిరిగాడు. ఆ తరవాత తిండి మానేశాడు. మానేశాడంటే నిరాహారదీక్ష కాదు, అలా అయితే కూర్చుని పోట్లాడవచ్చు. పళ్ళెం ముందు బుద్ధిగా కూర్చుంటాడు. శ్రద్ధగా కలుపుతాడు. రెండు ముద్దలు తింటాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆలోచిస్తాడు. "సాలమ్మా" అని లేచిపోతాడు.

పంట్లాం నిలవక బెల్టుకి తనే మేకుతో కొత్త చిల్లులు కొట్టుకున్నాడు. ఫిట్టరు కదా, చిల్లులు మాత్రం ముచ్చటగా, సమానమైన ఎడంతో ఉంటాయి. రైల్వే ఆస్పత్రిలో డాక్టరు ఆయన చేతుల్ని పట్టి చూసి, ఇలాగే బరువు తగ్గుతూ పోతే ఈయనకీ గొట్టం వెయ్యవలసి వస్తుందన్నాడు. ఇంకో గొట్టం! అమ్మకి గొట్టం కడిగిన చేతులు నావి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ ఏడంతా నేను చేసిన పని ఒక్కటే, నాన్న చేత తినిపించడం. ఆఫీసుతో సహా మిగతావన్నీ దాని మధ్యలో ఇరికించుకున్నవే.

రాగిపిండితో చోడి అంబలి కాచాను. ఎండుచేపలు వేయించాను. గోల్‌బజార్ నుంచి వేడివేడి జిలేబీ తెచ్చాను. బుజ్జగించాను, అలిగాను, గిన్నెలు ఎత్తి కుదేశాను.

"ఏటి నాన్నా, మూడు ముద్దలేనా? పిల్లి కూడా ఇంతకన్నా ఎక్కువ తింతాది."

"పిల్లికి పనుంటాదే. ఎలకల్ని పట్టాల. నాకేటి పని?"

ఇదీ జవాబు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా అప్పుడే ఈ పురుగుల పీడ దాపురించింది.

వాటి సంగతి ఇంత వివరంగా చెబుతున్నానంటే ప్రేమతో కాదు, ఆ నెల రోజులూ వాటి మొహాలు చూస్తూ బతకవలసి వచ్చింది కనుక. ఒక్కటి కూడా ఒంటరిగా ఉండదు. ఆకు అంచున వరసగా, భుజం భుజం రాసుకుని కూర్చుంటాయి. ఒక ఆకు అయిపోతే అందరూ కలిసి పక్క ఆకుకి బయలుదేరతారు. ఎర్రటి తల, నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లటి నూగు. కర్రతో కొమ్మని తట్టానా, గుంపు గుంపంతా ఒక్కసారే తలలెత్తి విదిలిస్తుంది. పోవే, నీకేం పని ఇక్కడ అన్నట్టు. నా ఇంట్లో నన్నే! ఆ నూగు తగిలిందంటే దద్దుర్లు. మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని ఆఫీసులో కూర్చుంటే ఫైళ్ళన్నీ జిడ్డు.

గోడ అవతల క్వార్టర్లో ఉండే బెంగాలీ దీదీ మాకు పాతికేళ్ళుగా పొరుగు. ఆవిడకు పురుగంటే సింహంతో సమానం. రోజూ పొద్దున గోడ మీదుగా తల పెట్టి కేక.

"ఓ దీదీ! శుఁయోపోకా! తుమ్హారా పోకా మేరా తులసీ పర్ ఆ గయా!"

నా పురుగులు ఆవిడ తులసి మీదకొచ్చాయట! నేనేదో కని పెంచినట్టు. మందు కొట్టించమని ఆవిడ సలహా. ఊళ్ళో ఇందా అనే పేట బజారులో దొరుకుతుంది, తెచ్చి పిచికారీ చేస్తే తెల్లారేసరికి అన్నీ ఠీక్ అంది. నేను సరే అన్నాను. అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచాడు.

"మందేటీ ఒద్దు. ఉడతలు సచ్చిపోతాయి. నాన్సూస్తాను, ఒగ్గీ."

ఎన్నో నెలల తరవాత ఆయన ఏదైనా కొత్త పనికి తనంతట తాను లేవడం అదే. నోరు మూసుకున్నాను. పనిలో పడితే ఆకలేస్తుందని ఆశ.

వర్క్‌షాపులో పని చేసి రిటైరైన ప్రతి మనిషి ఇంట్లోనూ ఒక గ్రీజు డబ్బా ఉంటుంది. గేటు కిర్రుమన్నా గ్రీజే, సైకిలు చైను బిగుసుకున్నా గ్రీజే. మోకాలు పట్టేస్తే కూడా అదే రాస్తారేమోనని నా అనుమానం. నాన్న మంచం కిందనుంచి ఆ డబ్బా లాగి, పాత గుడ్డ ముంచి, చెట్టు మొదలు చుట్టూ జానెడు వెడల్పున నల్లటి పట్టీ వేశాడు. ఎక్కడా మందం తేడా లేదు. వెనక్కి జరిగి, చేతులు తుడుచుకుంటూ తన పని తనే మెచ్చుకున్నాడు.

"ఇంక ఒక్క పురుగు ఎక్కమను సూద్దాం."

ఎక్కడమేమిటి నాయనా! అవి ఎక్కనే లేదు. వాటి తల్లి ఎగిరొచ్చి ఆకుల మీదే గుడ్లు పెట్టిపోయింది, పిల్లలు అక్కడే పుట్టి అక్కడే పెరిగాయి. ఎక్కవలసినవన్నీ పైనే ఉన్నాయి. ఆ గ్రీజు పట్టీ చేసిందల్లా వాటిని దిగకుండా ఆపడమే. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. గేటు మూసి దొంగల్ని లోపల పెట్టుకున్నామని తరవాత బోధపడింది.

ఇంకొన్నాళ్ళకు చెట్టు మీద ఆకన్నది లేదు. తినేది అయిపోయింది, గూడు కట్టుకునే వయసూ వచ్చింది. పురుగులు చోటు వెతుక్కుంటూ మొదలు దాకా వచ్చి, గ్రీజు వాసన తగిలి ఆగి, తలలు అటూ ఇటూ ఊపి, మళ్ళీ పైకి పోయాయి. పైన వాటికి ఒక్కటే దారి కనిపించింది. మామిడికొమ్మ నుంచి వరండా స్తంభానికి నేను బట్టలారేసుకోవడానికి కట్టిన ఇనపతీగ.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ తీగ మీద పురుగులు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. నాన్న కింద నిలబడి చూస్తున్నాడు.

"సూడే! గూడ్సు బండి పోతన్నట్టు లేదూ? ఎక్కడా గ్యాపు లేదు."

"సిగ్నలు కూడా ఇయ్యకపోయావా నాన్నా!" అని అరిచి చీపురు కోసం లోపలికి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి ఆ బండి స్టేషను చేరిపోయింది. ఆ స్టేషను అమ్మ దోమతెర.

ఈ దోమతెర గురించి కూడా నా బాధ చెప్పుకోవాలి. అమ్మ పోయిన తరవాత మంచం తియ్యనివ్వలేదు నాన్న, తెర విప్పనివ్వలేదు. పైగా రోజూ దీపాలవేళకు వచ్చి, ఖాళీ పరుపు కిందకి తెర అంచుల్ని చుట్టూ దోపి, పొద్దున మళ్ళీ పైకి ఎత్తేవాడు. దోమలు ఎవర్ని కుడతాయి నాన్నా అక్కడ అని అడిగితే పలకడు. చెప్పీ చెప్పీ విసిగిపోయి నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ తెర మీద పురుగులు చేరి, చూరు దగ్గర మూల పట్టుకుని, ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయి. నేను చీపురెత్తాను. నాన్న నాకూ తెరకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. రెండు ముద్దలతో బతికే మనిషికి అంత బలం ఎక్కడిదో!

"ముట్టుకోకు."

"ఇది దోమతెర నాన్నా, పురుగుల సత్రం కాదు."

"మీయమ్మది. నీది కాదు గదా."

చీపురు గిరాటేసి లోపలికి పోయాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వరస. నాన్నకు నచ్చజెప్పమని మా ఆయనకు ఫోన్ చేస్తే ఏదో లూపులైన్లో బండి ఆగి ఉందట, సిగ్నలు సరిగ్గా లేదట. రైలుకా ఫోనుకా అని అడిగేలోపు పెట్టేశాడు.

తెల్లారి చూద్దును కదా, తెర మూలంతా బంగారం. అబద్ధం కాదు, పసుపు కూడా కాదు, నగల కొట్లో దీపం కింద మెరిసే ఆ రంగే. ప్రతి పురుగూ తన చుట్టూ గూడు అల్లుకుంది. మామూలు పట్టుగూడులా మూసుకుపోయి ఉండదు ఇది. వలలా కన్నాలు కన్నాలుగా ఉంటుంది. ఆ కన్నాల్లోంచి లోపల పురుగు ఇంకా తల తిప్పుతూ దారం పోస్తుండడం కనిపిస్తోంది. నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ముక్కు ఆనేంత దగ్గరకు పోయి, "జాలీ పని సూడే, ఒక్క జాయింటు కూడా లేదు" అన్నాడు. దద్దుర్లు గోక్కుంటూ నేనూ చూశాను. బాగుందని మాత్రం అనలేదు. ఎందుకంటాను?

దుర్గా పూజ వచ్చింది. వీధి చివర పందిట్లో ఢాక్ వాయిద్యం, ఊరంతా కొత్త బట్టలు, తిళ్ళు. దీదీ ఆకు దొన్నెలో భోగ్ ఖిచుడీ తెచ్చి, "కాకా, మా దుర్గా ప్రసాదం, నా బొల్బేన్ నా" అని, కాదనొద్దని బతిమాలింది. నాన్న కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకుని, మిగతాది నాకిచ్చాడు. ఆయన ధ్యాసంతా దోమతెర దగ్గరే. పొద్దస్తమానం దాని ఎదుట కుర్చీ వేసుకుని కాపలా.

నాకో ఉపాయం తట్టింది. ఎలాగూ కదలడు, పళ్ళెమే అక్కడికి పట్టుకుపోతే సరి. గూళ్ళను చూస్తూ మాటల్లో పడి నాలుగు ముద్దలు ఎక్కువే తింటాడు. చిన్నపిల్లలకు చందమామను చూపించి పెట్టమూ? స్టూలు వేసి, అన్నం, పప్పుచారు, వంకాయ వేపుడు పెట్టాను. ఆయన పళ్ళెం చూడగానే ఉలిక్కిపడ్డాడు.

"ఇక్కడొద్దే."

"ఎందుకొద్దు? పొద్దున్నుంచీ ఇక్కడే కూసున్నావు గదా."

"ఇక్కడ తినను. తియ్యి, బేగి తియ్యి."

పళ్ళెం తనే తీసుకుని, వంటింటి వెనక మెట్టు మీదకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు. చెయ్యి కడుగుకున్న చప్పుడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పురుగుల ముందు తినడానికి సిగ్గేమిటి ఈ మనిషికి! ఎక్కడ వడ్డించను, పట్టాల మీదా? ఆ రోజు వంకాయ వేపుడంతా నేనే తిన్నాను, కసికొద్దీ.

అసలు ఈ జీవం ఏమిటో, ఎప్పుడు వదిలిపోతుందో తెలుసుకుందామని ఆఫీసులో భోజనం వేళ ఫోన్‌లో వెతికాను. పట్టుపురుగుల్లోనే ఓ అడవిజాతి అట. ఎక్కువమందికి తెలియనిది. మామిడి, జీడిమామిడి ఆకులు తింటుంది. అక్కడక్కడ ఈ బంగారు గూళ్ళను ఉడికించి పట్టుదారం వడుకుతారట. లోపల పురుగు కొన్ని వారాలు నిద్రపోయి రెక్కలతో బయటికి వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. తరవాతి వాక్యం చదివి నా టిఫిను డబ్బా మూత పెట్టేశాను.

రెక్కలొచ్చాక దానికి నోరు ఉండదు. ఉన్నా పనికిరాదు. ఏమీ తినదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదానితోనే బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో పోతుంది.

ఇంకేం కావాలి! మా నాన్న చేతికి ఇంత మంచి సాకు దొరికిందంటే ఇక నేను గెలవను. "సూసినావా, తినాల్సిందంతా ముందే తినేసినాది. నానూ అంతే" అంటాడు. ఆ మాట, ఆ గొంతు, ఆ చిన్న నవ్వు అన్నీ నాకు ముందే వినిపించాయి. ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే ఆయన అడిగిందీ అదే.

"ఇయి బయటికొచ్చినాక ఏటి తింతాయే? నీ ఫోన్‌లో సూడు."

"పూలల్లో తేనె" అన్నాను.

నోరు జారితే పనులు పెరుగుతాయి. ఆ మర్నాటి నుంచి ఆయన దీదీ పెరట్లో మందారాలకూ, నూరు వరహాలకూ కాపలా కాశాడు. పంచదార నీళ్ళు కలపడానికి నా దగ్గర చిన్న సీసా అడిగి తీసుకున్నాడు. మందారాలన్నీ కోసేస్తున్నాడని, కాళీపూజకు పూలెక్కడివని దీదీ నా మీద కేకలు. తనకోసం గ్లాసుడు మజ్జిగ తాగని మనిషి, ఇంకా పుట్టని పురుగులకు షర్బత్ సిద్ధం చేస్తుంటే నేను ఎవరికి చెప్పుకోను?

చెట్టు మళ్ళీ రాగిరంగు చిగుళ్ళు వేసింది. చలిగాలి మొదలైంది. ఒక పొద్దున నేను ఆఫీసు తొందరలో జడ వేసుకుంటుంటే వరండాలోంచి పిలుపు.

"అమ్మా! రాయే, బేగి రా!"

గూటిలోంచి ఒకటి బయటికొచ్చి తెర పట్టుకుని వేలాడుతోంది. ముందు తడిసి ముడతలు పడిన గుడ్డపీలికలా ఉంది. మేం చూస్తుండగానే రెక్కలు నెమ్మదిగా సాగి, ఇటుకరంగులోకి తిరిగాయి. పై రెక్కల మీద చిన్న చిన్న కిటికీలు, అద్దం బిగించినట్టు. వాటిలోంచి వెనక తెర కన్నాలు కనిపించాయి. అరచేతిలో సగం కూడా లేదు. ఇంత సౌమ్యమైన ప్రాణమా నా చెట్టును నమిలి పారేసింది అనిపించింది.

నాన్న మందారం దగ్గర పెట్టాడు. అది కదల్లేదు. పంచదార నీళ్ళ చుక్క పుల్ల మీద పెట్టి అందించాడు. పట్టించుకోలేదు. "కొత్త గదా, బెదిరినట్టున్నాది" అన్నాడు. మళ్ళీ అందించాడు. నేను "దాన్ని వదిలెయ్ నాన్నా, టీ తాగుదువుగాని రా" అన్నాను. ఆయన వినలేదు. లోపలికి పోయి వర్క్‌షాపు రోజుల నాటి భూతద్దం తెచ్చాడు. దాని తల దగ్గర పట్టి, చాలాసేపు ఊపిరి బిగపట్టి చూశాడు.

"దీనికి నోరు లేదే."

"ఉంటాది. చిన్నది, లోపలికి మడుసుకుంటాది. నీకు ఆనదు."

"లేదు. నీకు తెలుసు. అబద్దమాడితే నీ ముక్కు ఎర్రబడతాది, సిన్నప్పట్నించీ అంతే."

ఇంక అనేస్తాడు, సాకు దొరికింది అని నిలబడి ఎదురుచూశాను. ఆయన ఆ మాట అనలేదు. భూతద్దం స్టూలు మీద పెట్టి, నా వంక కాక మంచం వంక చూస్తూ అడిగాడు.

"నోరు తీసేసినోడు ఆకలి కూడా తీసేసుంటాడు. కాదేటి?"

"ఏమో నాన్నా."

"మీయమ్మకి ఆకలేసేదేటే? ఆ గొట్టం ఏసినాక? ఏసేది కాదు గదా? జావ పోసినాం గదా, కడుపు నిండుంటాది."

ఆయన ఆగలేదు.

"నాను తలుపేసుకుని తినీవోడ్ని. నువ్వు సేపలొండినప్పుడు కిటికీ కూడా మూసీవోడ్ని, వాసన ఇటు రాకుండా. అది ఇక్కడ ఎండుకుపోతంటే నానక్కడ పీకల్దాకా మెక్కినాను. ఇప్పుడు ముద్ద నోటికాడికి ఎత్తితే ఇదే కనబడతాది. ఆకలి లేదు దానికి, అని సెప్పవే."

అమ్మ ఉన్న రోజుల్లో ఆయన తలుపేసుకుని తినడం నేను చూశాను. ఇప్పుడు తినకపోవడమూ చూస్తున్నాను. ఆ రెండూ ఒకటేనని నాకు ఏనాడూ తట్టలేదు. మంచి కూతురైతే అప్పుడు "లేదు నాన్నా, అమ్మకి ఆకలే ఉండేది కాదు" అనాలి. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఏడాదిగా దిగమింగుకున్న విసుగంతా దానికి అడ్డం పడింది.

"ఏసేది!" అని అరిచాను. "ఆకలేసేది అమ్మకి. ఆఖరి దాకా ఏసేది. సేపల వాసనొస్తే నా కొంగు పట్టుకుని లాగేది. వంటింటి వైపు సెయ్యి సూపించి, వేళ్ళు నోటికాడ పెట్టుకునేది. నీకు కావాలేటి అమ్మా అంటే కాదని తలూపేది. నిన్ను రమ్మనేది నాన్నా! పళ్ళెం పట్టుకొచ్చి ఇక్కడ కూసుని తినమనేది. నీకు అప్పుడే ఎన్నిసార్లు సెప్పినాను? ఊరుకోవే, దానికెందుకా బాధ అన్నావు. పెళ్ళైన కాణ్ణుంచీ నీకొండి పెట్టి, ఎదురుగా కూసుని నువ్వు తింతంటే సూసిన మనిషి. తను తినలేకపోయినా అదొక్కటీ సూద్దామనుకున్నాది. అదీ సూడనివ్వలేదు నువ్వు. ఇప్పుడు నన్నూ సూడనివ్వవా? నీకూ గొట్టం ఏస్తే నానెలా బతకాలి?"

గోడ మీద దీదీ తల లేచి, నా మొహం చూసి, వచ్చినంత వేగంగా దిగిపోయింది. అరవడం అయ్యాక ఎందుకన్నానా అనిపించింది. అనకుండా ఎలా ఉండనూ అని కూడా అనిపించింది.

నాన్న ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా నేను ఆయన ఏడవడం చూడలేదు. తుండుతో మొహం కప్పుకోకుండా, చిన్నపిల్లాడిలా బాహాటంగా ఏడ్చాడు. నేను పక్కన నేల మీద కూలబడ్డాను. ఆఫీసు బస్సు హారను వినిపించి, దూరమై పోయింది.

చాలాసేపటికి ఆయన ముక్కు చీదుకుని, "ఏటున్నాది తినడానికి?" అన్నాడు.

ఏముంటుంది? ఏడాది పొడుగునా వేళకి పదిరకాలు వండితే ముట్టలేదు, పొయ్యి వెలిగించని పొద్దున అడిగాడు! రాత్రి మిగిలిన అన్నం ఉంది. గిన్నె అడుగున కాస్త పెరుగుంది. ఉల్లిపాయ తరిగి, పచ్చిమిరపకాయ పెట్టి తెచ్చాను. వంటింటి వెనకకు పోతాడేమోనని గుమ్మంలో ఆగాను. ఆయన చెయ్యి చాపి పళ్ళెం అందుకున్నాడు. దోమతెర అంచు పరుపు కిందనుంచి లాగి పైకెత్తాడు. పైన గూళ్ళూ, ఆ ఇటుకరంగు రెక్కలూ ఊగాయి, రాలలేదు. స్టూలు మంచానికి ఎదురుగా జరుపుకుని, తలగడ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

ఒక ముద్ద. నెమ్మదిగా, నోరు బాగా కదిలేలా, చూసేవాళ్ళకి కనిపించేలా నమిలాడు. ఇంకొకటి. మూడోది ఎత్తి ఆగాడు. నేను గుమ్మం గట్టిగా పట్టుకున్నాను. మూడోదీ తిన్నాడు. నాలుగోదీ తిన్నాడు. ఉల్లిపాయ కొరికాడు. అప్పుడు మొహం వికారంగా పెట్టి, ఖాళీ తలగడతో అన్నాడు.

"సూసినావా? పులిసిపోయిన పెరుగు పెడతన్నాది నీ కూతురు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే పెరుగు తోడుకుంటుందా, ఆఫీసు ఎగ్గొట్టి నిలబడి వడ్డిస్తుంటే వంకలా, కావాలంటే తను పోయి తెచ్చుకోమను అని ఆ తలగడతోనే నేనూ మొదలుపెట్టాను. ఏడుస్తూ, అరుస్తూ గిన్నె తెచ్చి, ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపు ఇంకో గరిటెడు అన్నం వేశాను.